జేబులో కడితం: మొబైలు ఫోనులోని సొంత సమాచారం, వ్యాపార సమాచారం – రక్షణ

బళ్ళారి తెలుగు ఇళ్ళలో చదువుకునే పిల్లలకు జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది. నాన్నకో పెదనాన్నకో ఫోనులో ఏదో సందేశం వస్తుంది. అది ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఉంటుంది. "ఇదేమడుగుతుందో చూడప్పా" అని ఫోను చేతికిస్తారు. పిల్లవాడు పైరెండు వరసలు చదివి, తక్కినవి చదవకుండానే "ఏం లేదులే, ఒత్తేయ్" అంటాడు. మా విభాగానికి వచ్చే విద్యార్థుల్లో ఈ పని చెయ్యనివారు అరుదు. మేమూ మా ఇళ్ళలో చేసినవాళ్ళమే. ఆ "ఒత్తేయ్" అన్న మాటతో ఏమేమి చేతులు మారిపోతాయో ఈ వ్యాసంలో వివరించదలచుకున్నాం.

ఫోను గురించి చెప్పబోయే ముందు ఒక పాత వస్తువును గుర్తు చేసుకోవాలి. గుడ్డకు చింతగింజల అంబలీ బొగ్గుపొడీ కలిపి పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టి, దాని మీద బలపంతో లెక్కలు రాసుకునేవారు. కన్నడంలో దాన్ని కడత అన్నారు, తెలుగులో కడితం అన్నారు. దానికి రెండు గుణాలున్నాయి. అది ఒకచోట ఉండేది. చూడాలంటే ఆ చోటికి వెళ్ళాలి, షావుకారు ఎదురుగా కూర్చోవాలి. రెండోది, తుడిస్తే పోయేది. ఇవాళ మన జేబులో ఉన్న కడితానికి ఈ రెండు గుణాలూ లేవు. అది మనతోపాటు సంతకూ బస్సుకూ పెళ్ళికీ వస్తుంది. తుడిచినా వెంటనే పోదు.

జీన్సు కుట్టించే చిన్న యూనిటు ఒకటి తీసుకుందాం. బళ్ళారిలో ఇలాంటివి వీధి వీధికీ కనబడతాయి. యజమాని ఫోనులో ఏముంటుంది? ఏ పార్టీకి ఏ ధరకు ఇచ్చాడో ఉంటుంది. రాబోయే పండగకు కత్తిరించిన నమూనాల ఫొటోలుంటాయి. కుట్టుపనివాళ్ళ పేర్లు, ఆధార్ కార్డుల బొమ్మలు, వారికిచ్చిన అడ్వాన్సులు ఉంటాయి. బాకీ పడ్డవాళ్ళ జాబితా ఉంటుంది. వీటి పక్కనే కూతురి మార్కుల పత్రం, భార్య వైద్య పరీక్షల కాగితాలు, ఆదోనిలోనో రాయదుర్గంలోనో ఉన్న వియ్యంకులతో నడిచిన సంభాషణ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. చుట్టరికాలు, అప్పులు, బేరాలు మాత్రం గీత దాటి నడుస్తూనే ఉన్నాయి. అవన్నీ ఇప్పుడు అరచేతి వెడల్పు గాజుపలక వెనక ఉన్నాయి.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. "నా ఫోనులో దాచుకోవలసినదేముంది?" అని అనేవారిని మేము తరచు చూస్తాం. వారి సంగతి నిజమే కావచ్చు. కాని ఫోనులో ఉన్నదాంట్లో మన సొంతమైనది తక్కువ, ఇతరులు మనల్ని నమ్మి ఇచ్చినది ఎక్కువ. కుట్టుపనివాడి ఆధార్ బొమ్మ మనది కాదు. బాకీదారు పేరు మనది కాదు.

2020 చివరిలో తెలంగాణలో బయటపడిన అప్పుల యాప్‌ల వ్యవహారం ఈ సంగతిని కఠోరంగా చూపింది. ఆ యాప్‌లు చిన్న మొత్తాలు అప్పిచ్చేవి. పెట్టుకునేటప్పుడు ఫోనులోని పేర్ల జాబితా, ఫొటోలు చూడడానికి అనుమతి అడిగేవి. అవసరంలో ఉన్నవాడు చదవడు, ఒత్తేస్తాడు. వాయిదా తప్పగానే అతని మామగారికి, పై అధికారికి, పాత స్నేహితులకు ఫోన్లు వెళ్ళేవి, అవమానకరమైన సందేశాలు వెళ్ళేవి. కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. అప్పు తీసుకున్నవాడు ఒకడు, బజారుకెక్కినవాళ్ళు వందమంది. ఆ తరువాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు ఫోనులోని పేర్ల జాబితా, కాల్ వివరాలు, ఫైళ్ళు తాకరాదని మార్గదర్శకాలు జారీ చేసింది. కెమెరా, మైకు, స్థలం వంటివి కూడా ఖాతా తెరిచే పనికి ఒక్కసారే, అదీ మన సమ్మతితోనే వాడాలంది. ఈ నియమాన్ని లెక్కచెయ్యని యాప్ నియమం చదవదు గదా. కనుక మనమే చదవాలి.

అనుమతి అడగడం అనే పద్ధతి కూడా మొదటినుంచీ ఉన్నది కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2015కు ముందు యాప్ పెట్టుకునేటప్పుడే దాని కోరికలన్నిటికీ ఒక్కమాటున ఒప్పుకోవలసి వచ్చేది. లేదంటే యాప్ లేదు. ఆరో వెర్షనుతో, అవసరమైనప్పుడు ఒక్కొక్కటిగా అడిగే పద్ధతి వచ్చింది. 2019లో పదో వెర్షనుతో, మన స్థలం తెలుసుకోవడానికి "వాడుతున్నప్పుడు మాత్రమే" అన్న వెసులుబాటు వచ్చింది. ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకునే వీలు కూడా ఉందని చాలామందికి తెలియదు. సెట్టింగులలోకి వెళ్ళి, అనుమతుల పట్టిక తెరిచి, పేర్ల జాబితాను ఏయే యాప్‌లు చూస్తున్నాయో ఒకసారి చూడండి. టార్చిలైటు యాప్‌కు మీ అత్తగారి నంబరు ఎందుకో మీకే ఆశ్చర్యం వేస్తుంది.

తెలుగు విద్యార్థులుగా మనకు ప్రత్యేకించి సంబంధించిన విషయం కీబోర్డు. తెలుగు దేశానికి బయట చదివేవారు తెలుగులో రాయాలన్న ఉత్సాహంతో ఎక్కడిదో ఒక తెలుగు కీబోర్డు యాప్ తెచ్చి పెట్టుకుంటారు. ఉత్సాహం మెచ్చదగినదే. కాని కీబోర్డు అంటే ఏమిటి? మనం కొట్టే ప్రతి అక్షరం ముందుగా దాని చేతిలో పడుతుంది. ఉత్తరం, కవిత, పాస్‌వర్డు, పార్టీకి చెప్పిన ధర, అన్నీ దానికి ఒకటే. 2017 డిసెంబరులో ఏఐ.టైప్ అనే కీబోర్డు యాప్ తాలూకు భాండారం ఏ తాళమూ లేకుండా ఇంటర్‌నెట్టులో తెరిచి ఉన్నట్టు తేలింది. దాదాపు 3 కోట్ల 10 లక్షల మంది వివరాలు అందులో ఉన్నాయి. ఇప్పుడు ఫోనుతోపాటు వచ్చే కీబోర్డులలోనే తెలుగు ఉంది. భాషల పట్టికలో చేర్చుకుంటే చాలు. వేరే కీబోర్డు తప్పనిసరి అనుకుంటే ఎవరు చేశారో, అది ఇంటర్‌నెట్టు లేకుండా పనిచేస్తుందో లేదో చూసి పెట్టుకోవాలి.

ఇక తాళం సంగతి. నాలుగంకెల తాళానికి 10,000 రకాలున్నాయి, ఆరంకెలకు 10 లక్షలు. చుక్కలు కలిపి గీసే గుర్తుకు 3,89,112 రకాలు సాధ్యం. వినడానికి పెద్ద సంఖ్యే గాని, మనుషులు పేరులోని మొదటి అక్షరం లాంటిదే గీస్తారు, గాజు మీద వేలి జిడ్డు ఆ గీతను చూపిస్తుంది. కనుక ఆరంకెలు మేలు. అయితే ఆ ఆరంకెలు 583101 కాకూడదు. నవ్వకండి, ఊరి పిన్‌కోడునే ఫోనుకు పిన్‌గా పెట్టుకున్నవారిని ఒకే తరగతిలో ముగ్గురిని చూశాం. పుట్టిన తేదీ, బండి నంబరు కూడా ఈ కోవలోవే.

తాళం ఇంత ముఖ్యం కావడానికి కారణముంది. ఇవాళ్టి ఫోన్లు తమలోని సమాచారాన్ని మామూలుగా దాచవు, సంకేతలిపిలోకి మార్చి దాచుతాయి. సంకేతం మనవారికి కొత్త కాదు. కోమటి వర్తకులు బేరాల్లో అంకెలకు మారుపేర్లు వాడే రహస్య భాష ఒకటుందని థర్స్టన్ 1909లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. కొనేవాడి ఎదుటే ధర చెప్పుకున్నా అతనికి తెలిసేది కాదు. ఫోను చేసేది ఆ పనే, కాకపోతే దాని మారుపేర్లను కంప్యూటర్లు సైతం ఊహించలేవు. ఆ సంకేతాన్ని విప్పే కీలకం మనం పెట్టిన తాళంతో ముడిపడి ఉంటుంది. తాళం లేని ఫోనులో సంకేతలిపి ఉన్నా, మారుపేర్ల పట్టికను దుకాణం గోడకు అంటించినట్టే. ఇంకొకటి. విడిగా దూర్చే మెమరీ కార్డుకు మామూలుగా ఈ రక్షణ ఉండదు. తీసి మరో ఫోనులో పెడితే ఫొటోలన్నీ కనబడతాయి. వ్యాపార కాగితాల బొమ్మలను కార్డులో కాక ఫోనులోనే ఉంచడం మంచిది.

ఫోనుకు తాళం వేసినవారు కూడా సిమ్ముకు వెయ్యరు. పోయిన ఫోను తాళం దొంగకు రాకపోవచ్చు. కాని సిమ్ము బయటికి తీసి తన ఫోనులో పెట్టుకుంటే మన నంబరు అతనిదవుతుంది, మన ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. యూపీఐ పిన్ వేరే గనుక డబ్బు వెంటనే పోకపోవచ్చు. కాని చాలా ఖాతాల పాస్‌వర్డు మార్చుకోవడానికి ఆ ఓటీపీ చాలు. దీనికి విరుగుడు సిమ్ పిన్. సెట్టింగులలో భద్రత అన్న చోట ఉంటుంది. అది పెడితే సిమ్మును ఏ ఫోనులో పెట్టినా, ఫోను ఆపి మళ్ళీ వేసినా ఆ పిన్ అడుగుతుంది. ఒక హెచ్చరిక. సిమ్ముతో వచ్చిన మొదటి పిన్ ఏమిటో కంపెనీవారిని అడిగి తెలుసుకోకుండా ఊహించి కొట్టకండి. మూడుసార్లు తప్పయితే సిమ్ము బిగుసుకుపోతుంది, దాన్ని విప్పడానికి కంపెనీవారు పీయూకే అనే అంకె ఇవ్వాలి. దాన్నీ పదిసార్లు తప్పు కొడితే ఆ సిమ్ము ఇక పనికిరాదు. వాట్సాప్‌కు కూడా రెండో మెట్టుగా ఆరంకెల పిన్ పెట్టుకునే వీలుంది. అది ఉంటే సిమ్ము దొంగ చేతిలో పడినా మీ పేరుతో వాట్సాప్ వెంటనే తెరవలేడు.

వాట్సాప్ ప్రస్తావన వచ్చింది గనుక చెబుతున్నాం. 2016 ఏప్రిల్ నుంచి అందులోని సందేశాలు పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప దారిలో ఎవరికీ అర్థం కాని సంకేతంలో నడుస్తున్నాయి. దీన్ని విని నిశ్చింతగా ఉండేవారు రెండు సంగతులు మరిచిపోతారు. సందేశాల నకలు ఒకటి క్లౌడులో పడుతూ ఉంటుంది. ఆ నకలుకు కూడా సంకేతరక్షణ 2021లో వచ్చింది గాని, అది మనం కోరి వేసుకుంటేనే ఉంటుంది. రెండోది, లింకు చేసిన యంత్రాలు. ఒక ఖాతాకు నాలుగు యంత్రాలదాకా కలపవచ్చు. మాకు తెలిసిన ఒక దుకాణంలో లెక్కలు రాసే గుమాస్తా పని మాని వేరే చోట చేరాడు. వెళ్ళిన నాలుగు నెలలకు, తమ ధరలు పోటీదారుకు ముందే తెలుస్తున్నాయని యజమానికి అనుమానం వచ్చింది. గుమాస్తా ఇంట్లోని ల్యాప్‌టాప్‌లో దుకాణం వాట్సాప్ ఇంకా తెరిచే ఉంది. ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. పాతరోజుల్లో గుమాస్తా మానితే ఇనప్పెట్టె తాళంచెవి తిరిగి తీసుకునేవారు. ఇప్పుడు లింకు చేసిన యంత్రాల పట్టిక తెరిచి, తెలియనివాటిని తొలగించాలి.

పెళ్ళిళ్ళ రోజుల్లో మరొక ఉపద్రవం. "మా ఇంటి శుభలేఖ" అని తెలిసినవారి నంబరునుంచే ఫైలు వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అన్న మూడక్షరాలుంటాయి. శుభలేఖ అయితే బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే అది కాగితం కాదు, యాప్. బ్యాంకి కేవైసీ, వాహన చలానా, రైతులకు వచ్చే సాయం పేరిట కూడా ఇవే తిరుగుతున్నాయి. పెట్టుకోగానే ఎస్ఎంఎస్‌లు చదవడానికీ, యాక్సెసిబిలిటీ అనే సదుపాయానికీ అనుమతి అడుగుతుంది. ఈ సదుపాయం చూపు సరిగా లేనివారికి తెర మీదున్నది చదివి వినిపించడానికి, వారి బదులు మీటలు నొక్కడానికి ఏర్పడింది. దొంగ యాప్ చేతికి చిక్కితే అది మన తెర చదువుతుంది, మన బదులు మీటలు నొక్కుతుంది. తెలిసిన నంబరునుంచి వచ్చిందన్నది హామీ కాదు. వారి ఫోను ముందే పట్టుబడి, అందులోని పేర్లందరికీ తనంతట తానే పంపుతూ ఉండవచ్చు. అనుమానముంటే ఫోను చేసి గొంతు వినండి.

పాత ఫోను అమ్మేటప్పుడు, మరమ్మతుకిచ్చేటప్పుడు కడితం పోలిక మళ్ళీ గుర్తు చేసుకోవాలి. ఫొటో తీసేస్తే చెత్తబుట్టలోకి వెళ్ళి 30 రోజులో అంతకు మించో అక్కడే ఉంటుంది. అమ్మేముందు ఖాతాలనుంచి బయటికి వచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యాలి. ఈ కాలపు ఫోన్లలో రీసెట్ చేస్తే ముందు చెప్పిన కీలకం నశిస్తుంది. సమాచారం తాలూకు రాతలు మిగిలినా చదివే దారి ఉండదు. సిమ్ము, కార్డు తియ్యడం మరవకూడదు. మరమ్మతు మాత్రం చిక్కే. తెర పగిలినదానికి తాళం అంకె అడుగుతారు. వీలయితే ఎదురుగా ఉండి చేయించుకోండి. కొన్ని ఫోన్లలో మరమ్మతు కోసమే ఒక పద్ధతి ఉంది, అందులో మన ఫొటోలు, సందేశాలు కనబడవు. లేనప్పుడు నకలు తీసుకుని, రీసెట్ చేసి ఇవ్వడమే దారి. ఇదంతా ఎవరు చేస్తారంటారా? మేము కూడా ఒకసారి చెయ్యకుండా ఇచ్చి వారం రోజులు నిద్ర లేకుండా గడిపినవాళ్ళమే.

ఫోను పోతే? సరిహద్దు జిల్లావారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన బెడద ఉండేది. గుంతకల్లు స్టేషనులో దొంగతనమైతే బళ్ళారిలో చెప్పుకోవాలా, అక్కడికే వెళ్ళాలా అని తిప్పుకునేవారు. 2024 జులై 1నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ పోలీసుస్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా పంపవచ్చు. మూడు రోజుల్లో సంతకం చెయ్యాలి. ఫిర్యాదు నకలు, ఐఎంఈఐ నంబరు ఉంటే కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ ద్వారా ఆ ఫోను దేశంలో ఏ నెట్‌వర్కులోనూ పనిచెయ్యకుండా ఆపించవచ్చు. ఈ సదుపాయం 2023 మే నెలలో దేశమంతటికీ వచ్చింది. ఐఎంఈఐ అంటే ఫోనుకు పుట్టుకతో వచ్చిన 15 అంకెల సంఖ్య. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ వరసగా కొడితే తెర మీద కనబడుతుంది. పోయిన తరువాత కొట్టడానికి ఫోనుండదు గనుక ఈ వ్యాసం చదువుతుండగానే కొట్టి, పుస్తకంలో రాసుకోండి. డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ముందు 1930కి ఫోను చెయ్యాలి. పోయిన సొమ్ము ఖాతానుంచి ఖాతాకు దాటిపోకముందే ఆపగలిగితేనే దక్కే అవకాశముంది. అక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క.

చట్టం ఏమంటుందో కొంత చెప్పాలి. ఆధార్‌ను ప్రశ్నిస్తూ 2012లో సుప్రీం కోర్టుకు వెళ్ళిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి మన కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి విశ్రాంతి తీసుకున్నవారు. అప్పటికే ఎనభై దాటిన మనిషి. ఆ వ్యాజ్యంలోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. దాని వెనక వచ్చినదే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. నోటీసు, సమ్మతి భాగాలు అప్పటినుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో అమలయ్యేట్టు ఏర్పాటు చేశారు. వ్యాపారులు ఒకటి గమనించాలి. ఈ చట్టం కాపాడేది మనుషుల వివరాలను, సరుకు ధరల పట్టికను కాదు. ధరల రహస్యం మనమే కాపాడుకోవాలి. మరోవంక, కుట్టుపనివాళ్ళ ఆధార్ బొమ్మలు వ్యాపారం కోసం ఫోనులో దాచుకున్న యజమాని ఈ చట్టం దృష్టిలో ఆ సమాచారానికి బాధ్యుడు. వ్యాకరణం చదివేవారి కోసం ఒక ముచ్చట: ఈ చట్టం స్త్రీపురుష భేదం లేకుండా మనిషిని చెప్పడానికి "ఆమె" అనే సర్వనామాన్ని వాడింది.

మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించినది ఆ చట్టంలోని 5, 6 సెక్షన్లు. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నామో చెప్పే నోటీసునూ, సమ్మతి అడిగే మాటనూ ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు ఇవ్వాలని అవి చెబుతున్నాయి. ఏ రాష్ట్రంలో ఉన్నామన్న షరతు లేదు. అంటే బళ్ళారిలో ఉన్న తెలుగువాడు తెలుగులో ఇమ్మని అడగవచ్చు. అనంతపురంలో ఉన్న కన్నడిగుడు కన్నడంలో అడగవచ్చు. ఫోను చేతికిచ్చి "చూడప్పా" అనవలసిన అవసరం పెద్దవాళ్ళకు కొంతైనా తప్పవచ్చు.

కొంతైనా అని ఎందుకంటున్నామంటే, ఆ తెలుగు ఎలాంటి తెలుగన్నది ఇంకా తేలలేదు. యంత్రం అనువదించిన నోటీసులు కొన్ని ఇప్పటికే చూస్తున్నాం. వాటికంటే ఇంగ్లీషే సులువు. మనవాళ్ళ సమాచారాన్ని తీసుకుని, చెప్పిన పనికే వాడుతూ, భద్రంగా ఉంచవలసిన సంస్థను ఆ చట్టం డేటా ఫిడూషియరీ అంటుంది. దీనికి తెలుగు మాట చెప్పమని ఈమధ్య తరగతిలో అడిగాం. ఒకరు "సమాచార ధర్మకర్త" అన్నారు. ఒకరు "దత్తాంశ న్యాసధారి" అన్నారు, అది అన్నవారికే నోరు తిరగలేదు. సిరుగుప్ప వైపునుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం, "ఊరందరి పొలం లెక్కలూ తన దగ్గర పెట్టుకుంటాడు, పొలం మాత్రం తనది కాదు. మా అవ్వనడిగితే కరణం అంటుంది సార్" అంది. కరణాల మీద మనవాళ్ళకున్న సామెతలు తలచుకుని తరగతంతా నవ్వింది. మేము ఆ మూడు మాటలనూ బోర్డు మీద రాసి ఉంచాం. ఇంతకన్నా మంచి మాట తట్టినవారు మాకు రాసి పంపగలరు.